డేరా వదిన మాట చెల్లదట

ఆవిడ గెలిచిన తగాదాలు చాలా ఉన్నాయంటారు. నేను కళ్లారా చూసింది మాత్రం ఒకటి. విన్నదాన్ని చూసినట్టు చెప్పే అలవాటు నాకు లేదు కాబట్టి ఆ ఒక్కటే చెబుతాను.

ఆ సాయంత్రం మా వీధి చివరి కమిటీ హాలులో సభ పెట్టారు. ఎవరికయ్యా అంటే గడియారాల కొట్టాయన కొడుక్కి. కుర్రాడు ఉన్న ఉద్యోగం మానేసి, తండ్రి కొనిచ్చిన మోటారు సైకిలెక్కి, ఏడాది పాటు ఊళ్లు పట్టుకుని తిరిగొచ్చాడు. గడ్డం పెరిగింది, ఒళ్లు నల్లబడింది, మాట మెత్తబడింది. అంతకే వీధి వీధంతా పొంగిపోయింది. ముందు కుర్చీల్లో మగవాళ్లు, వెనక చాపల మీద మేము. "సుదీర్ఘ ప్రయాణం నాకు నేర్పిన పాఠాలు" అని పెద్ద అక్షరాలతో గోడకు బట్ట కట్టారు. కూడబలుక్కుని చదివేసరికి నాకు సగం సభ అయిపోయింది.

కుర్రాడు చెడ్డవాడేం కాదు. ఎదిగే వయసులో నా దారాల కొట్టుకొచ్చి గుండీలు కుట్టించుకుపోయిన పిల్లాడే. మైకు పట్టుకుని తీరిగ్గా చెప్పుకొచ్చాడు. మనిషికి రెండు జతల బట్టలు చాలట. ముక్కూ మొహం తెలియనివాళ్లే అసలైన చుట్టాలట. భయమనేది మనసు మూలలో పట్టిన బూజట, దులిపేస్తే పోతుందట. ఎక్కడ పొద్దుగూకితే అక్కడే నడుం వాల్చాడట, ఎవరూ ఏమీ అనలేదట. ఒక్కో పాఠానికీ ముందు వరస చప్పట్లు.

అప్పుడు చాపల మధ్య నుంచి డేరా వదిన లేచి నిలబడింది. ఆ కుర్రాడికి స్వయానా మేనత్త.

"అల్లుడూ, ఒక్క సందేహం. దారిలో ఒంటేలుకొస్తే ఎక్కడికి వెళ్లేవాడివి?"

హాలు గతుక్కుమంది. చాపల మీద మేము మాత్రం కిసుక్కుమన్నాం.

"ఎక్కడికేంటత్తయ్యా, రోడ్డు పక్కనే," అని కుర్రాడు కూడా నవ్వేశాడు.

"అదృష్టవంతుడివి నాయనా! నేను ముప్పై ఏళ్లు తిరిగాను. అందులో సగం ఆ ఒక్క ఆలోచనకే సరిపోయింది. నువ్వు ఆ పాఠం చదవకుండానే పరీక్ష పాసైపోయావు."

కమిటీ అధ్యక్షుడు బల్ల చరిచాడు. "అమ్మా, ఇది పెద్దమనుషుల సభ!"

"పెద్దమనుషులకు ఒంటేలు రాదా బాబూ?"

ఈసారి ముందు వరసలో కూడా ఒకరిద్దరు నోరు మూసుకుని నవ్వారు. ఆ నవ్వు అధ్యక్షుడికి పుండు మీద కారం. ఎర్రబడ్డ మొహంతో, మైకు ముందుకు లాక్కుని మరీ అన్నాడు. "ఊరికే అన్నారా పెద్దలు? తిరక్క మగాడు చెడ్డాడు, తిరిగి ఆడది చెడింది అని!"

ఆవిడ ఏడుస్తుందేమో, తిట్టిపోస్తుందేమో అని నేను చూస్తున్నాను. రెండూ చెయ్యలేదు. చాపలు దాటుకుంటూ వెళ్లి ఆయన బల్ల ముందు నిలబడింది.

"బాబూ, మీ అమ్మగారిది ఏ ఊరు?"

"ఈ ఊరు కాదు. పెళ్లయి వచ్చింది. అయితే?"

"మీ ఆవిడది?"

"ఆవిడదీ పై ఊరే."

"మీ అమ్మాయి?"

"అత్తారింట్లో ఉంది."

"అంటే మీ ఇంట్లో ఆడవాళ్లంతా మూటాముల్లే సర్దుకుని, తెలియని ఊరికెళ్లి, తెలియని కొంపలో, తెలియని మనుషులకు వండిపెట్టినవాళ్లే. తిరగంది మీరొక్కరే. పుట్టిన మంచానికీ ఈ కుర్చీకీ మధ్య తిరిగారు. మరి మీ సామెత ప్రకారం ఇప్పుడు చెడిందెవరు?"

ఇక చూడండి! చాపలు కాదు, కుర్చీలే ముందు గొల్లుమన్నాయి. అధ్యక్షుడు మంచినీళ్ల గ్లాసు ఎత్తాడు, దించాడు, మళ్లీ ఎత్తాడు. మింగలేక కక్కలేక "సభ ముగిసింది" అన్నాడు. ఆనాటి నుంచి ఆ సామెత మా వీధిలో ఎవరూ పైకి అనలేదు. అయితే ఆ మాట మనుషుల లోపలికి దిగి మకాం పెట్టిందని తరువాత తెలిసింది.

డేరా అన్నది ఆవిడ పేరు కాదు, పని. ఊరూరా తిరిగే ఒక సర్కసుకు డేరాలు కుట్టేది. తండ్రి దర్జీ. ఆవిడకు పెళ్లీడు వచ్చిన కాలంలో సర్కసువాళ్లు ఇక్కడి మైదానంలో దిగారు. గాలివానకు డేరా చిరిగితే తండ్రిని పిలిపించారు, సాయానికి కూతురు వెళ్లింది. ఇంటి మిషను మీద రవికలు కుట్టిన చెయ్యి, కాన్వాసు గుడ్డ మీద పడేసరికి దాని పసేమిటో అందరికీ తెలిసింది. మరీ ముఖ్యంగా నడిమి గుంజ నిలబెట్టే మేస్త్రికి తెలిసింది. తండ్రి ఒప్పుకున్నాడు, పెళ్లయింది, సర్కసుతో పాటే పిల్లా కదిలిపోయింది. వీధి మాత్రం ఒప్పుకోలేదు. బడిలో తమ్ముణ్ణి పిల్లలు "జోకరు బావమరిదీ" అని పిలిచేవారు. ఆ తమ్ముడే ఇప్పటి గడియారాల కొట్టాయన.

ఆ పని ఎలాంటిదో ఆవిడ నా కొట్టులో దారం ఎంచుకుంటూ ముక్కలు ముక్కలుగా చెప్పేది. నాది గుండీలూ దారాలూ అమ్మే చిన్న కొట్టు. ఆవిడ దారం కొనే తీరు వేరు. మైనం రుద్ది, పళ్లతో లాగి, చెవి దగ్గర పెట్టుకుని టప్పుమని మీటి చూసి గానీ తీసుకునేది కాదు. డేరా గుడ్డ తడిస్తే పదిమంది మోసే బరువు. దాని మీద ఎక్కి కూర్చుని కుట్టాలి. అరచేతికి తోలు పట్టీ, మూడంచుల సూది. చిరుగు చిన్నదే కదా అని చిన్న మాసిక వేస్తే పనికిరాదు. చిరుగుకు అన్ని వైపులా జానెడు ఎక్కువ ఉండాలి. కుట్టు చిరుగు దగ్గర మొదలుపెట్టకూడదు, గట్టి గుడ్డ దగ్గర మొదలుపెట్టి చిరుగు వైపు రావాలి.

"చిరిగినచోట సూది దించితే అది పట్టుకోవడానికి ఏముంటుంది వదినా? మనుషులైనా అంతే. కష్టంలో ఉన్నవాణ్ణి పట్టుకుని కష్టం గురించి అడక్కూడదు. ముందు వాడిలో గట్టిగా ఉన్నదేదో వెతకాలి," అనేది.

మేనల్లుడి పాఠాలకు చప్పట్లు కొట్టిన చేతుల్లో ఒక్కటైనా ఈ మాటకు కొట్టిందా? అసలు అడిగిందెవరు?

అడిగితే ఇంకా చాలా చెప్పేది. కొత్త ఊళ్లో దిగగానే ముందు నీళ్లెక్కడో చూడాలట, తరువాత చాటెక్కడో చూడాలట, ఆ తరువాత మనల్ని తిట్టే ముసల్దాన్ని ఒకదాన్ని వెతుక్కోవాలట. "నవ్వుతూ పలకరించేవాళ్లు మధ్యాహ్నానికి మాయమైపోతారు. 'ఇక్కడ బట్టలారేశావేంటే, కళ్లు కనపడ్డం లేదా' అని అరిచిందనుకో, ఆవిడ మన మనిషి. జ్వరమొస్తే గంజి పోసేది ఆవిడే." అని నా వైపు అదోలా చూసేది. నేను తిడతాననేగా! తిడతాను మరి.

ఊరు పొగిడితే నమ్మకూడదని కూడా నేర్చుకుంది. సాయంత్రం చప్పట్లు కొట్టిన ఊరే పొద్దున్న బియ్యం కొట్టు దగ్గర "సర్కసుదా, పక్కకి జరుగు" అనేది. ఆటలో పిట్టలా ఎగిరిన పిల్లను టికెట్టు కొని కళ్లప్పగించి చూసిన మగవాడే, తెల్లారి తన ఇంటి ముందు నుంచి ఆ పిల్ల నీళ్ల బిందెతో పోతుంటే పెళ్లాం పిల్లల్ని లోపలికి పొమ్మనేవాడు. ఎక్కడ దొంగతనం జరిగినా ముందు వీళ్ల పెట్టెలు విప్పించేవారు. అందుకే ఆవిడ పెట్టెలో గుడ్డలు ఎప్పుడూ మడత చెడకుండా ఉండేవి. ఎవరు విప్పినా సిగ్గుపడేది తను కాకూడదని. ఏడాది తిరిగిన కుర్రాడికి ముక్కూ మొహం తెలియనివాళ్లు చుట్టాలయ్యారు. సంతోషం. ముప్పై ఏళ్లు తిరిగిన మేనత్తకు ముక్కూ మొహం తెలిసినవాళ్లు కూడా చుట్టాలు కాలేదు. దీన్నేమనాలి?

మేస్త్రి ఒక పరాయి ఊళ్లో జ్వరంతో పోయాడు. నోరు తిరగని పేరున్న ఊరు. మట్టి చేసి వచ్చేసరికి అప్పటికే టికెట్లు అమ్ముడుపోయాయి, ఆట ఆడాలి. యజమాని మంచి మనిషే, "ఈ పూట నువ్వు సెలవు తీసుకో తల్లీ" అన్నాడట. "తీసుకుని ఎక్కడికి పొమ్మంటారు?" అంది. భర్త నిలబెట్టిన గుంజ కిందే కూర్చుని ఆ సాయంత్రం మాసిక వేసింది. ఇది చెప్పేటప్పుడు కూడా ఆవిడ దారం మీటుతూనే ఉంది. నేనే లోపలికెళ్లి ఏదో సర్దినట్టు నటించి వచ్చాను.

సర్కసు మూతపడ్డాక రేకుపెట్టె ఒకటి తీసుకుని తిరిగొచ్చింది. తమ్ముడు వెనక గది ఇచ్చాడు. ఇచ్చాడని లోకం అంటుంది. తండ్రి కట్టిన ఇంట్లో తండ్రి కూతురికి వాడు ఇచ్చేదేమిటి! అయినా ఆవిడ నోరు మెదపలేదు. లారీల టార్పాలిన్లు కుట్టే కొట్టులో పనికి కుదిరింది. తన తిండి తను తింటోంది.

ఇక అసలు సంగతి. గడియారాల కొట్టాయనకు కొడుకు తరువాత ఒక కూతురుంది. కళ్లు పరీక్ష చేసే చదువు చదివింది. నెమ్మదైన పిల్ల, కానీ నెమ్మది వేరు, మెతకదనం వేరు. ఆ పిల్లకు ఉద్యోగం వచ్చింది. పెద్ద వ్యానులో యంత్రాలు పెట్టుకుని ఊరూరా వెళ్లి, ఒక్కో చోట కొన్ని వారాలు మకాం వేసి, కళ్లజోళ్లు లేక తడుముకునేవాళ్లకు చూపు పరీక్ష చెయ్యాలి. ఏడాది పొడుగునా తిరగడమే. వచ్చే వారం లోపు చేరకపోతే చోటు ఇంకొకరికి పోతుంది.

మా ఇంటికీ వాళ్ల ఇంటికీ మధ్య ఒకటే గోడ. నేను చెవి పెట్టి వినలేదు, ఆ గోడే నా చెవిలోకి వచ్చింది.

"ఆడపిల్ల ఊళ్లు పట్టుకుని తిరగడమేంటి? కుదరదు," అన్నాడు తండ్రి.

"అన్నయ్య తిరిగాడుగా నాన్నా!"

"వాడు మగాడు."

"వాడు ఊరికే తిరిగాడు. నేను పని మీద తిరుగుతాను. జీతం కూడా ఇస్తారు."

"నోరు లేస్తోందే! ఎవరి పోలికో తెలుస్తూనే ఉంది."

తల్లి ఏదో నచ్చజెప్పబోయింది. "నువ్వూరుకో" అన్న కేకతో ఆవిడ వంటింట్లో గిన్నెలు సర్దుకుంది. మరి ఆ పాఠాల కుర్రాడో? అక్కడే ఉన్నాడు. ఒకసారి "పంపించండి నాన్నా, ఏం కాదు" అన్నాడు. "నీకేం తెలుసురా" అన్నాడు తండ్రి. అంతే, ఫోను చేతిలోకి తీసుకున్నాడు. భయమంటే బూజే, దులిపేస్తే పోతుందని మైకులో చెప్పిన నోరు సొంత చెల్లెలి దగ్గరికొచ్చేసరికి కుట్టేసినట్టయింది. ఎంత చక్కటి పాఠాలు నాయనా! ఏ ఊరి మలుపులో పారేసుకొచ్చావు?

అప్పుడు వెనక గదిలోంచి డేరా వదిన వచ్చింది.

"ఒరే తమ్ముడూ, నీ భయమేంటో విడమరిచి చెప్పు. దేనికదే చూద్దాం."

"భయమేంటా? నీలా అవుతుందని భయం."

వదిన పీట లాక్కుని కూర్చున్న చప్పుడు వినిపించింది.

"నాలా అంటే ఏంటిరా?"

"నీ వల్ల నాకు సంబంధాలు తప్పిపోయాయి, తెలుసా నీకు? నడిచే దారిలో తలెత్తుకోలేదు నేను. నువ్వు హాయిగా ఊళ్లేలావు, ఇక్కడ మాటలు పడింది నేను!" అబద్ధం చెప్పడం లేదు, నిజంగానే పడ్డాడు. కానీ రాళ్లు వేసింది వీధి. వాడు పగ పట్టింది అక్క మీద. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం అంటే ఇదే.

"సరేరా," అంది వదిన. గొంతు మారలేదు. "నేను వెళ్లి వాళ్ల మకాం చూసొస్తాను. కళ్లతో చూసొచ్చి చెబుతాను. అప్పుడు అను."

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి, ఆ వ్యాను ఏ ఊళ్లో ఉందో కనుక్కుని వెళ్లింది. ఒక రాత్రి అక్కడే పనివాళ్లతో ఉండి తిరిగొచ్చింది. ఆమె వచ్చేసరికి నేను వాళ్లింట్లోనే ఉన్నాను, పిల్ల తల్లికి దారపు ఉండ ఇవ్వడానికి వెళ్లి. మొహం కడుక్కోకుండానే తమ్ముడి ముందు కూర్చుంది. చేటంత మొహంతో మొదలుపెట్టింది.

ఇక్కడే పొరపాటు జరిగింది. డేరాల్లో బతికిన మనిషి తప్ప ఇంకెవరూ చెయ్యని పొరపాటు.

"చాలా మంచి చోటురా! నేల గట్టిది, వాన పడితే నీళ్లు నిలవవు. నీళ్ల పంపు దగ్గరే. వ్యాను గాలికి ఎదురుగా పెట్టలేదు, తెలివైనవాళ్లు. ఆడపిల్లలు పడుకునే గదికి రెండు తలుపులున్నాయి. రాత్రిపూట నిప్పంటుకున్నా, ఎవడైనా తాగి మీదికొచ్చినా, ఒకటి కాకపోతే ఇంకో దాంట్లోంచి బయటపడొచ్చు."

డేరావాళ్ల లెక్కలో ఒక చోటు గురించి ఇంతకు మించిన పొగడ్త లేదు. ఆవిడ తన దగ్గరున్న అన్నిటికన్నా మంచి మాట తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టింది.

వాడు కుర్చీలోంచి లేచాడు. "నిప్పంటుకుంటుందా? తాగి మీదికొస్తారా? అలాంటి చోటికా నా కూతుర్ని పంపమంటున్నావు?"

"అంటుకోలేదురా బాబూ! అంటుకుంటే అని..."

"చాలక్కా! నీకు నిప్పూ తాగుబోతులూ మామూలే. గొడ్లచావిడి చూపించినా గాలి బాగా వస్తోందంటావు. నువ్వు ముప్పై ఏళ్లు తిరిగావు కాబట్టే ఈ విషయంలో నీ మాట చెల్లదు."

విన్నారా? ముప్పై ఏళ్లు తిరిగింది కాబట్టి ప్రయాణం గురించి ఆవిడ మాట చెల్లదట! ఈత వచ్చినవాణ్ణి ఒడ్డున కూర్చోబెట్టి, ఏట్లో లోతెంతో ఈత రానివాణ్ణి అడుగుతారా ఎవరైనా? గాజు పెట్టెలో కూర్చుని కంటికి భూతద్దం తగిలించుకుని ఇంతింత గడియారాలు విప్పే మనిషికి, ఎదురుగా ఉన్న అక్క ఇంత కూడా కనపడలేదు. నా నాలుక దురద పెట్టింది. పిల్ల తల్లి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది కాబట్టి ఊరుకున్నాను.

"మరి ఎవరి మాట చెల్లుతుందిరా?" అంది వదిన.

వాడు చుట్టూ చూశాడు. చూపు నా మీద ఆగింది.

"ఇదిగో, ఈ గుండీల కొట్టు వదినగారి లాంటి మనిషి చెప్పాలి. గుట్టుగా బతికిన మనిషి. పెళ్లయి వచ్చింది, కాన్పుకి వెళ్లింది, అంతే, మళ్లీ ఈ వీధి దాటలేదు. అలాంటావిడ వెళ్లి నాలుగు రోజులుండి, చూసొచ్చి, పర్లేదు నాయనా అంటే అప్పుడు పంపిస్తా. చాలా?"

జరిగేది కాదని తెలిసే అన్నాడు. కొండ మీది కోతిని తెమ్మన్నట్టు. నవ్వుకుంటూ చొక్కా తగిలించుకుని కొట్టుకు పోయాడు. పిల్ల అత్త పక్కన కూలబడింది. ఏడవలేదు గానీ, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది. నన్ను పొగిడాననుకున్నాడు వాడు. నలుగురిలో ఆ మాట అంటే వేరే రోజు నేనూ మురిసిపోయేదాన్నే. ఆవేళ మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. నా వీధి దాటని కాళ్లను తీసుకొచ్చి ఆవిడ నెత్తిన పెట్టాడు.

సాయంత్రం డేరా వదిన నా కొట్టుకొచ్చింది. దారం అడగలేదు. బల్ల అవతల నిలబడింది.

"వదినా, నువ్వు వెళ్లాలి."

"నేనా? నా మోకాళ్లు చూశావా? బస్సెక్కితే వాంతులు నాకు."

"కడుపు ఖాళీగా పెట్టుకో, డ్రైవరు వెనకే కూర్చో, దూరంగా చూడు. దగ్గరవి చూడకు."

"కొట్టో?"

"నేను చూసుకుంటాను. నీ కన్నా గట్టిగా బేరమాడతాను, బెంగ పెట్టుకోకు."

"అది కాదే వదినా, అంతా తెలిసిన నిన్ను కాదని, ఏమీ తెలియని నా మాట వింటాడట వాడు. ఆ మాటకు నేను తలూపితే నిన్ను తక్కువ చేసినట్టు కాదా? నా వల్ల కాదు."

"నన్ను తక్కువ చేసేది ఉంటే అది ఎప్పుడో అయిపోయింది," అంది. "అది నా గొడవ, నా గొడవ నేను పడతాను. ఈ వారం దాటితే పిల్లకు చోటు పోతుంది. నా మాట చెల్లే రోజు దాకా అది ఆగాలా చెప్పు?"

ఆవిడ నా చేతి మీద చెయ్యి వేసింది. తోలు పట్టీ కట్టీ కట్టీ కాయలు కాసిన చెయ్యి.

"పిల్లతో కలిసి వెళ్లు. నాలుగు రోజులుండు. నేను చెప్పానని ఒక్క ముక్క ఎక్కువ కలపకు, వాడికి భయపడి ఒక్క ముక్క మింగకు. తలుపు గడియ సరిగా పడకపోతే పడలేదనే వచ్చి చెప్పు. అక్కడ నీకు నిద్ర పడితే, పట్టిందని వాడి మొహం మీద చెప్పు. రేపు తెల్లారే బస్సు. కిటికీ పక్క సీటు పిల్ల అడుగుతుంది, ఇవ్వకు. నువ్వు కూర్చో."